తార్నాక బడిలో గల్లగురిగి పగిలిన రోజు

హైదరాబాదు చూడ్డానికి చుట్టాలొస్తే మనం ఎక్కడికి తీసుకెళ్తాం చెప్పండి? చార్మినారు, గోల్కొండ, సాలార్‌జంగ్ మ్యూజియంలో గంటలు కొట్టే గడియారం. ఇంకా ఓపికుంటే సాయంత్రం ట్యాంక్‌బండ్ మీద గాలి. ఉస్మానియా యూనివర్సిటీ అంటే చదువుకునేవాళ్ళ వ్యవహారం, గరిటె పట్టుకునే మనకక్కడ ఏం పని అనుకుంటాం. ఇక తార్నాక అంటారా, అది బస్సు మారే చోటు. 2017లో మెట్రో వచ్చాక రైలు దిగే చోటు కూడా అయింది. అంతే!

తార్నాకలో మా ఆడపడుచు కూతురు కాపురం పెట్టాక నాకు ఆ వైపు రాకపోకలు పెరిగాయి. కిందటి డిసెంబరులో ఫోను చేసి, “అత్తయ్యా, మా వాడి స్కూల్లో మేళా ఉంది. వాడు చేసిన ప్రమిదలు కూడా అమ్మకానికి పెడుతున్నారు. మీరు రాకపోతే అన్నీ నేనే కొనుక్కోవాలి” అంది. పిల్లల మేళా కదా, ఓ గంటలో తిరిగి రావచ్చనుకుని బయల్దేరాను. ఆ రోజంతా అక్కడే గడిచిపోయింది. ఆ బడి పేరు మాత్రం రాయను. రాస్తే ప్రకటనలా ఉంటుంది, పైగా హెడ్‌మిస్ట్రెస్ గారికి కూడా ఇష్టం లేదు. ఒకటి నుంచి అయిదు దాకా ఉన్న మామూలు ప్రాథమిక పాఠశాల. ముందు ఓ వేపచెట్టు, వెనక రెండు కుళాయిలు. ఇలాంటివి తార్నాక సందుల్లో నాలుగు కనిపిస్తాయి.

దారి మాత్రం మామూలు దారి కాదు. అది చెప్పకుండా బడి దగ్గరికి తీసుకెళ్తే అన్యాయం చేసినట్టే.

కాంపస్ మీదుగా

మీరు ఎంఎంటీఎస్ రైల్లో వస్తే ‘ఆర్ట్స్ కాలేజీ’ అన్న పేరుతోనే ఓ స్టేషనుంది. దాని పక్క స్టేషను పేరు జామియా ఉస్మానియా. ఒక కాలేజీ పేరుతో రైలు స్టేషను ఉండడం చిత్రంగా లేదూ? స్టేషను దిగి కాస్త నడిస్తే ఆ కాలేజీ కనబడుతుంది. చూసిన తర్వాత, ఒక స్టేషనేం ఖర్మ, ఓ ఊరికే ఆ పేరు పెట్టినా తప్పులేదనిపిస్తుంది! గులాబీ రంగు గ్రానైటు రాయి, ఎత్తయిన కమాను. కిందనున్న స్తంభాలు చూస్తే అజంతా, ఎల్లోరా గుహలు గుర్తొస్తాయి, పైకి చూస్తే మసీదు కమానులు గుర్తొస్తాయి. రెండూ కలిసి ఎక్కడా పేచీ పడవు.

యూనివర్సిటీని ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ 1917లో ఫర్మానా ఇచ్చి స్థాపించాడు. పైచదువులు ఉర్దూలో చెప్పాలని పెట్టిన విశ్వవిద్యాలయం ఇది. మొదట్లో నగరంలో వేరే భవనాల్లో నడిచింది. ఈ ఆర్ట్స్ కాలేజీకి 1934లో పునాది పడింది, 1939 డిసెంబరు 4న ప్రారంభమైంది. కట్టడానికి ముందు సయ్యద్ అలీ రజా, జైన్ యార్ జంగ్ అనే ఇద్దరు హైదరాబాదు ఇంజనీర్లను దేశదేశాల విశ్వవిద్యాలయాలు చూసి రమ్మని పంపారట. నమూనా గీసిందేమో ఎర్నెస్ట్ జాస్పర్ అనే బెల్జియం దేశస్థుడు. మనం వంటింటి గట్టు వేయించుకోవడానికే నాలుగిళ్ళు చూసొస్తాం కదా, అదీ సంగతి.

పొద్దున పూట కాంపస్ రోడ్ల మీద నడకకొచ్చేవాళ్ళు బోలెడుమంది. మోకాళ్ళ నొప్పులు, షుగరు, కోడళ్ళ సంగతులు అన్నీ అక్కడే తేలిపోతాయి. చెట్లు దట్టంగా ఉన్నవైపు అదృష్టం బాగుంటే నెమలి కూడా కనబడుతుంది.

ఈ నేల సంగతి మరొకటుంది, మన ఆడవాళ్ళకు తెలియాల్సింది. యూనివర్సిటీ ఉన్న అడిక్‌మెట్ ఒకప్పుడు మహలఖా బాయి చందా జాగీరుల్లో ఒకటి. 1768లో పుట్టి 1824లో కన్నుమూసిన కవయిత్రి, నిజాం దర్బారులో పేరున్న నర్తకి. ఉర్దూలో తన కవితలన్నీ ‘దివాన్’గా కూర్చిన తొలితరం స్త్రీలలో ఒకరు. పోయేముందు తన ఆస్తిని దిక్కులేని ఆడవాళ్ళకు చెందేలా ఏర్పాటు చేసిందని చెబుతారు. ఆమె సమాధి మౌలాలి గుట్ట పాదం దగ్గరుంది. ఇక్కడి ఇఫ్లూ ఆవరణలో ఆమె పేరుతో పిలిచే మెట్ల బావి ఒకటుంది. దర్బారులో పాడి సంపాదించిన డబ్బు గురించి లోకం వెయ్యి మాటలంటుంది గానీ, ఎక్కడ ఖర్చుపెట్టాలో ఆమెకు తెలిసినంతగా ఆ లోకానికి తెలుసా అని నా అనుమానం.

కాంపస్‌లోనే ఆంధ్ర మహిళా సభ వారి మహిళా కళాశాల ఉంది. ఆ సభను పెట్టింది దుర్గాబాయి దేశ్‌ముఖ్ అని మనందరికీ తెలుసు. విద్యానగర్‌లో ఆమె పేరుతో ఆసుపత్రీ ఉంది. 1937లో మద్రాసు మైలాపూరులో ఇరుగు పొరుగు చిన్న ఆడపిల్లలతో మొదలైన బృందమే పెరిగి పెరిగి ఆంధ్ర మహిళా సభ అయింది. కానీ నేను చెప్పబోయేది అంతకుముందు సంగతి.

1921లో గాంధీగారు కాకినాడ వచ్చినప్పుడు దుర్గాబాయికి పన్నెండేళ్ళు. ఆయన దేవదాసీలతో, ఘోషా ముస్లిం స్త్రీలతో విడిగా మాట్లాడాలని ఆ పిల్ల పట్టుబట్టింది. అయిదు వేల రూపాయలు తెస్తే చూస్తామని పెద్దలన్నారు. ఆ రోజుల్లో అయిదు వేలంటే మాటలా? ఈ పిల్ల ఆ స్త్రీల దగ్గరికెళ్ళి చెప్పింది. వాళ్ళే పోగుచేశారు. ఒక బడి ఆవరణలో సభ జరిగింది. వచ్చిన స్త్రీలు చాలామంది ఒంటిమీద నగలు తీసి ఇచ్చేశారు. తర్వాత 1923లో కాకినాడ కాంగ్రెసు జరిగినప్పుడు ఖద్దరు ప్రదర్శన గుమ్మం దగ్గర వాలంటీరుగా ఆ అమ్మాయినే నిలబెట్టారు. టికెట్టు లేకుండా వచ్చిన నెహ్రూగారిని ఆపేసింది. టికెట్టు తెచ్చాకే లోపలికి పంపింది!

ఈ కథ ఇప్పుడెందుకంటే, మన బడి మేళా గేటు దగ్గర కూడా నాలుగో తరగతి పిల్ల ఒకతె టికెట్లు చింపుతోంది. ప్రవేశ రుసుము అయిదు రూపాయలు. “నేను ఫలానా వాడి అమ్మమ్మని” అన్నా వదల్లేదు. “అమ్మమ్మలకు కూడా టికెట్ ఉంది” అంది.

పండగలన్నీ ఒక వరసలో

తార్నాక పేరు ఎలా వచ్చిందంటే, ఒకప్పుడు ఇక్కడ తీగె కంచె వేసిన తోట, దాని దగ్గర ఓ చౌకీ ఉండేవని, ‘తార్’ అంటే తీగె, ‘నాకా’ అంటే చౌకీ అని పాతకాపులు చెబుతారు. ఆ తోట పోయింది గానీ అందరినీ ఒకచోట ఆపే గుణం మాత్రం పోలేదు. ఒక పక్క యూనివర్సిటీ, ఒక పక్క రైల్వే వాళ్ళ ఇళ్ళు, ఆర్టీసీ ఆసుపత్రి, రసాయన పరిశోధన సంస్థ. అందుకే ఈ బడిలో ప్రొఫెసరు గారి మనవడి పక్కన హాస్టల్ మెస్సులో వంటచేసే ఆయన కూతురు కూర్చుంటుంది. సైంటిస్టు కొడుకూ, ఆటో నడిపే ఆయన కొడుకూ ఒకే బెంచీ మీద కొట్టుకుంటారు.

వాళ్ళు పండగలు చేసుకునే పద్ధతి నాకు బాగా నచ్చింది. వినాయక చవితికి ముందు చెరువుమట్టి తెప్పిస్తారు. ఒక్కో పిల్లాడికి గుప్పెడు. చేసిన వినాయకుడికి తొండం ఎటున్నా, చెవులు లేకపోయినా టీచర్లు సరిచేయకూడదని నియమం. బతుకమ్మ రోజుల్లో తంగేడు, గునుగు, బంతి, కట్లపూలు ఎవరికి దొరికినవి వాళ్ళు తెస్తారు. ఒక్కొక్కరూ ఒక్కో బతుకమ్మ కాకుండా బడి మొత్తానికి ఒకే పెద్ద బతుకమ్మ పేరుస్తారు. గునుగు పూలకు రంగులద్దే పని అయిదో తరగతి మగపిల్లలది. ఇది తెలిసి కొందరు నాయనమ్మలు మూతి విరిచారట గానీ, ఆ పిల్లల చేతులు వారం రోజులు గులాబీరంగులోనే ఉన్నాయట, ఎవరికీ ఏ నష్టమూ జరగలేదు. బతుకమ్మను 2014లో తెలంగాణ రాష్ట్ర పండుగ చేశాక బళ్ళలో పెద్ద ఎత్తున జరుగుతోంది. పిల్లలకు పట్టుపరికిణీలు కొనలేక తల్లులు అవస్థ పడ్డం కూడా అప్పటినుంచే ఎక్కువైంది. ఇక్కడ ఆ బెడద లేదు, యూనిఫారంలోనే ఆడతారు.

రంజాను నెల అయ్యాక ఒకరోజు సేమ్యా పాయసం, క్రిస్మస్‌కు ముందు కాగితం నక్షత్రాలు. నవంబరు 14 బాలల దినోత్సవం. డిసెంబరు 7న సాయుధ దళాల పతాక దినోత్సవం. 1949 నుంచి జరుగుతున్న ఈ రోజు మనకూ గుర్తే కదా! ఎరుపు, ముదురు నీలం, లేత నీలం రంగుల చిన్న జెండా గుండుసూదితో జేబుకు గుచ్చుకుని ఇంటికొచ్చేవాళ్ళం. ఆ వారంలోనే ఒక శనివారం మేళా పెట్టుకున్నారు.

మేళాలో చిన్న స్టేజీ కూడా కట్టారు. ఇదొక్కటీ చెప్పి ముందుకు వెళ్తాను. వార్షికోత్సవం అనగానే సినిమా పాటకు ఆరేళ్ళ పిల్లలతో వేయకూడని గంతులు వేయించడం చూసి చూసి విసుగొచ్చింది నాకు. మన తెలుగువాళ్ళకు పిల్లల కార్యక్రమాలు చేతకాక కాదు. రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావుగారు, అక్కయ్య కామేశ్వరిగారు 1940లో మద్రాసులో ఆంధ్ర బాలానంద సంఘం పెట్టి, తర్వాత హైదరాబాదు వచ్చి, పిల్లల చేత పిల్లల ఆటలూ పాటలూ నాటికలే చేయించారు. ఈ బడి పిల్లలు కూడా వాళ్ళే అల్లుకున్న నాటిక ఒకటి వేశారు. తార్నాక చౌరస్తాలో రోడ్డు దాటలేని ముసలమ్మ కథ. బస్సుగా ముగ్గురు, మెట్రోగా నలుగురు. మెట్రో మధ్యలో ఊడిపోయింది. జనం పడీపడీ నవ్వారు.

చందా కార్డు పోయింది

ఇప్పుడు అసలు విషయం. ఇదే బడిలో కొన్నేళ్ళ కిందటి దాకా అందరి బళ్ళలో లాగే చందా కార్డులుండేవి. మీ ఇంటికీ వచ్చే ఉంటారు. సాయంత్రం కాలింగ్ బెల్లు మోగుతుంది. తలుపు తీస్తే చేతిలో కార్డుతో ఇద్దరు పిల్లలు. వరద బాధితులకనో, వృద్ధాశ్రమానికనో, అంధుల కోసమనో. కార్డు మీద గీతలు గీసి పేరు, మొత్తం, సంతకం. అంతకుముందు మన చిన్నప్పుడు టీబీ సీళ్ళుండేవి, తపాలా బిళ్ళల్లా. 1904లో డెన్మార్కులో ఒక తపాలా ఉద్యోగికి వచ్చిన ఆలోచన అది. మన దేశంలో 1950లో మొదలైంది. ఆలోచన బంగారం లాంటిదే. ప్రతి ఉత్తరం మీదా ఒక చిన్న బిళ్ళ, ఒక్కొక్కరి దగ్గరా కాస్త. కానీ బళ్ళో ఏమయ్యేది? షీటు మొత్తం అమ్మాల్సిందే అనేవారు. అమ్ముడుపోనివి నాన్నగారు కొనేవారు.

కార్డుల సంగతీ అంతే. అందరికంటే ఎక్కువ తెచ్చిన వాళ్ళకు అసెంబ్లీలో బహుమతి. అపార్టుమెంటులో ఉండే పిల్లాడు లిఫ్టు ఎక్కి దిగితే కార్డు నిండుతుంది. నాన్న ఆఫీసుకు తీసుకెళ్తే ఇంకా మేలు. మెస్సు వంటాయన కూతురు ఎవరి తలుపు తడుతుంది? ఒక ఏడాది రెండో తరగతి పిల్ల ఒకతె మూడు రోజులు బడికి రాలేదట. జ్వరమేమోనని టీచరు ఇంటికెళ్ళి చూస్తే, జ్వరం లేదు, ఏమీ లేదు. పుస్తకాల సంచీలో మడతపెట్టిన కార్డుంది. మొదటి గీత మీద వాళ్ళమ్మ పేరు, పది రూపాయలు. మిగతా అంతా ఖాళీ.

“ఆ కార్డు నేను చాలా రోజులు నా సొరుగులో ఉంచుకున్నాను. పిల్లలకు దయ నేర్పుదామని కార్డులిచ్చాం. ఆ పిల్లకు మేం నేర్పిందేమిటో తల్చుకుంటే నాకే సిగ్గనిపించింది” అన్నారు హెడ్‌మిస్ట్రెస్.

దాంతో కార్డులు మానేశారు. ఇంటింటికీ తిప్పడం అసలే మానేశారు. ఆ మాట విని ఆడపిల్లల తల్లులు ఊపిరి పీల్చుకున్నారు. చీకటి పడేవేళ తెలియని ఇళ్ళ తలుపులు తట్టే పని ఏడేళ్ళ పిల్లకు ఎందుకు? ఇప్పుడు నియమం ఒక్కటే. పిల్లలు చేత్తో చేసిన వస్తువో, ఒళ్ళువంచి చేసిన పనో అమ్మి తెచ్చిన డబ్బే నిధిలో పడాలి. స్కౌట్లలో దీన్నే ‘ఖరీ కమాయి’ అంటారు, అంటే కష్టార్జితం అని.

అయితే అందరూ చప్పట్లు కొట్టలేదు, అదీ చెప్పాలి. కార్డులున్నప్పుడు వచ్చినంత డబ్బు ఇప్పుడు రావడం లేదు. ఒక టీచరు ఆ మాట నా ముందే అన్నారు. “మేడమ్, చలిలో పడుకున్నవాళ్ళకు మన పద్ధతితో పనేముంది? రగ్గు వచ్చిందా లేదా, అదే కావాలి.” ఆమె మాటలో నిజం లేదనడానికి లేదు. 1977 నవంబరులో దివిసీమను ఉప్పెన ముంచెత్తినప్పుడు రామారావు, నాగేశ్వరరావు వంటి హీరోలే జోలె పట్టుకుని వీధుల్లోకి వచ్చారు. అప్పుడు ఎవరైనా ‘కష్టార్జితమే ఇవ్వండి’ అంటే మతిపోయిందంటాం. ప్రాణాల మీదికొచ్చినప్పుడు ఎవరి చేతిలో ఎంతుంటే అంత ఇవ్వాల్సిందే. కానీ ఏటా జరిగే బడి మేళా ఉప్పెన కాదు. అక్కడ డబ్బుతోపాటు పిల్లలు కూడా తయారవుతున్నారు. నన్నడిగితే నాలుగు రగ్గులు తగ్గినా సరే, ఖాళీ కార్డు మళ్ళీ రాకూడదంటాను. మీరు కాదంటే కాదనండి.

అంగళ్ళ దగ్గర

వేపచెట్టు కింద బెంచీలు కలిపి అంగళ్ళు పెట్టారు. ఒకటో తరగతి వాళ్ళవి ఆకుల అచ్చులు. రావి, వేప, మందార ఆకుల వెనకవైపు రంగు పూసి కాగితం మీద అద్దినవి. ఈనెలు భలే పడతాయి. ఇంట్లో పిల్లలు సెలవుల్లో విసిగిస్తుంటే చేయించండి, పైసా ఖర్చులేదు. రెండో తరగతి వాళ్ళవి పాత పేపర్లతో సంచులు. మైదా పిండి ఉడికించి, పురుగు పట్టకుండా చిటికెడు మైలతుత్తం వేసే అలవాటు మన ఇళ్ళల్లో ఉంది కదా, అది విషం, పిల్లల చేతికి ఇవ్వకూడదని ఆ టీచరు మానిపించారు. ఏ రోజు జిగురు ఆ రోజే కాచుకుంటే సరి.

మూడో తరగతి వాళ్ళవి ప్రమిదలు. మా వాడు ఆరు చేశాడు. కాల్చినవి కావు, ఎండబెట్టి రంగేసినవి. నా చేతికిస్తూ పక్కనున్న వాడి నేస్తం జాగ్రత్తలు చెప్పాడు. “ఆంటీ, ఇండ్ల నూనె పొయ్యకుండ్రి, ఇంకిపోతది. పసుపు కుంకుమ పెట్టుకోండ్రి.” లోపమున్న సరుకును లోపం చెప్పి మరీ అమ్మే దుకాణందారుడిని నేను చూడ్డం అదే మొదలు! రెండు కొన్నాను.

నాలుగో తరగతి వాళ్ళు గ్రీటింగ్ కార్డులు గీశారు. అన్నిటిమీదా ఆర్ట్స్ కాలేజీయే. ఒకదాని మీద స్తంభాలు నాలుగు, ఇంకోదాని మీద పన్నెండు. ఒకమ్మాయి కమానుకు తోరణం కట్టింది. ఒక పిల్లాడు మెట్ల పక్కన సైకిలు ఒకటి గీశాడు, కాలేజీకంటే సైకిలే పెద్దగా ఉంది. ఎవరిదిరా అంటే, “మా డాడీది. డాడీ అండ్లనే పనిజేస్తడు, అటెండరు” అన్నాడు. ఆ కార్డు మాత్రం అమ్మనన్నాడు. నాన్నకే ఇస్తాడట, డబ్బులు కూడా తనే గల్లగురిగిలో వేస్తాడట. అమ్మను అడిగి తెచ్చుకున్న పది రూపాయల నోటు అప్పటికే గుప్పిట్లో నలిగిపోయి ఉంది.

తినుబండారాల దగ్గర తల్లుల రద్దీ. సకినాలు, సర్వపిండి, ఉప్పుకారం చల్లిన జామకాయ ముక్కలు, రాగి లడ్డు, పల్లీ పట్టీ. నూనెలో వేయించే పొయ్యి బడి ఆవరణలో పెట్టకూడదు, సకినాలైనా ఇంట్లో చేసి తేవాల్సిందే. రంగునీళ్ళ సీసాలు, చిప్సు పొట్లాలు లేవు. ఉండకూడదు కూడా! జాతీయ పోషకాహార సంస్థ ఉన్నది ఈ తార్నాకలోనే. 1918లో కూనూరులో బెరిబెరి జబ్బు మీద పరిశోధనకు చిన్న విభాగంగా మొదలై, 1958లో హైదరాబాదు వచ్చింది. ఇప్పుడున్న పేరు 1969లో పెట్టారు. బాగా పాలిష్ పట్టిన బియ్యమే తింటూ ఉంటే బి1 విటమిను చాలక వచ్చే జబ్బు బెరిబెరి. గంజి వార్చి పారబోసే వాళ్ళు ఈ వాక్యం ఇంకోసారి చదువుకోండి.

పల్లీ పట్టీ అందరికంటే ముందు అయిపోయింది. చేసినావిడను అడిగి కొలత తెచ్చాను. గిద్దెలూ సోలలూ వద్దు, కప్పు లెక్కే. ఒక కప్పు పల్లీలు సన్నని సెగ మీద దోరగా వేయించి, గుడ్డలో వేసి నలిపి పొట్టు చెరిగి, బద్దలు చేసుకోవాలి. ముప్పావు కప్పు బెల్లం తురుముకు రెండు చెంచాల నీళ్ళు పోసి కరిగించి వడకట్టి మళ్ళీ పొయ్యి మీద పెట్టాలి. పాకం చుక్క నీళ్ళలో వేసి తీసి పళ్ళేనికి కొడితే టంగుమని మోగాలి. అంతకు ముందు దించితే పట్టీ పళ్ళకు అంటుకుంటుంది. చెంచా నెయ్యి, పల్లీలు వేసి కలిపి, నెయ్యి రాసిన పళ్ళెంలో పోసి, వేడి మీదే కర్రతో ఒత్తి గాట్లు పెట్టాలి. పాకం పని తల్లులది. పల్లీలు వలవడం, చెరగడం, పట్టీలు కాగితంలో చుట్టడం పిల్లలది. వేడి పాకం దగ్గరికి పిల్లల్ని రానివ్వలేదు. చెరిగేటప్పుడు ఎన్ని నోట్లోకి వెళ్ళాయో లెక్క లేదు గానీ, అది కూలీ కింద పోతుంది.

గల్లగురిగి

గల్లగురిగి అంటే కోస్తా వైపు చదువరులకు తెలియకపోవచ్చు. డబ్బులు దాచుకునే మట్టి ముంత. పైన సన్నని చీలిక, తీయాలంటే పగలగొట్టడమే మార్గం. తరగతికొకటి చొప్పున అయిదు. జూన్‌లో బడి తెరిచినప్పుడే కొనిపెడతారు. పుట్టినరోజుకు చాక్లెట్లు పంచే బదులు ఇష్టమున్నవాళ్ళు అందులో ఎంతో కొంత వేస్తారు, ఎంత వేశారో ఎవరూ చూడరు. మేళా అమ్మకం డబ్బూ అందులోకే.

మధ్యాహ్నం మూడు గంటలకు చాప పరిచి వరసగా పగలగొట్టారు. చిల్లర గలగలమంటుంటే పిల్లల కేకలు! రెండో తరగతి ముంతలో నాణేలతోపాటు ఒక గుండీ, ఒక గోళీ, విరిగిన రబ్బరు ముక్క వచ్చాయి. వేసినవాళ్ళు దగ్గర ఉన్నదే వేశారు పాపం.

లెక్క కట్టేది అయిదో తరగతి. బోర్డు మీద రెండు వరసలు, వచ్చింది, ఖర్చయింది. మట్టి, రంగులు, కాగితం, దారం అన్నీ ఖర్చులో రాశారు. బెల్లం పల్లీలు నేను ఊరికే ఇచ్చాను కదా, అవెందుకు రాస్తున్నారని ఒక తల్లి అడిగింది. “మీరిచ్చినట్టు ఇటు రాస్తాం, వాడినట్టు అటు రాస్తాం ఆంటీ. రాయకపోతే పట్టీకి బెల్లం ఎక్కడిదంటే ఏం జెప్పాలె?” అంది లెక్క రాసే పిల్ల. మన మహిళా మండళ్ళలో, కాలనీ గణేశ్ కమిటీల్లో ఈ పిల్లను ఒక్క ఏడాది ఖజాంచీగా పెడితే ఎన్ని తగువులు తప్పుతాయో! కూడిక రెండుసార్లు తప్పింది. మూడోసారి సరిపోయింది. టీచరు సుద్దముక్క ముట్టుకోలేదు, పక్కన నిలబడి గోళ్ళు కొరుక్కుంటున్నారు.

ఆ డబ్బు రగ్గులకు. నగరంలో పెద్దాసుపత్రుల బయట డిసెంబరు చలిలో ఫుట్‌పాత్ మీద పడుకునేవాళ్ళను మీరూ చూసే ఉంటారు. లోపల వాళ్ళ మనిషి మంచం మీద ఉంటాడు, వీళ్ళు బయట. పల్లెల నుంచి వచ్చి, గది అద్దెకు తీసుకోలేక అక్కడే వారాల తరబడి ఉంటారు. కిందటేడాది బడిపిల్ల ఒకతె వాళ్ళ తాతకు బాగాలేక అలా రెండు రాత్రులు అమ్మతో బయట పడుకుందట. రగ్గుల మాట ఆ పిల్లే ఎత్తింది. పంచేటప్పుడు పిల్లలు వెళ్ళరు, ఇద్దరు టీచర్లు, ఇద్దరు తల్లులు రాత్రి పూట వెళ్తారు. ఫోటోలు తీయరు. పేపరు వాళ్ళను పిలిస్తే బడికి పేరొస్తుంది కదా అని ఎవరో అన్నారు. హెడ్‌మిస్ట్రెస్ గారు వినపడనట్టు ఊరుకున్నారు.

రగ్గు ధర సికింద్రాబాదు టోకు దుకాణంలో ముందే కనుక్కుని బోర్డు మీద రాసి పెట్టుకున్నారు. భాగహారం చేసి చూస్తే అనుకున్నవాటికి రెండు రగ్గుల డబ్బు తక్కువ పడింది. వెంటనే ముగ్గురు తల్లులు పర్సులు తెరిచారు. నా చెయ్యీ సంచీలోకి వెళ్ళింది. పిల్లలు మాత్రం ఒప్పుకోలేదు. కాసేపు గోలగోలగా మాట్లాడుకుని చేతులెత్తి తేల్చారు. మిగిలిపోయిన గ్రీటింగ్ కార్డులు, పేపరు సంచులు సంక్రాంతి సెలవులకు ముందు జరిగే ముగ్గుల పోటీలో అమ్ముతారట. పోటీ తల్లులకే, ప్రవేశ రుసుము ఇరవై రూపాయలు. చుక్కల ముగ్గులే వేయాలి, ముగ్గుపిండి ఎవరిది వాళ్ళు తెచ్చుకోవాలి. రంగులు మాత్రం బడివి.